వెనక సీటు వాళ్ళని అడిగారా?

కూపే అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రైలు. ఫస్టు క్లాసు పెట్టెలో రెండే రెండు బెర్తులుండే బుల్లి గది. అదృష్టం బాగుంటే కొత్త దంపతులకి దొరికేది. తెలుగు నవలా నాయికలు ఎంతమంది ఆ గది కిటికీకి తల ఆనించి పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం చేశారో లెక్క తేలదు. (నేనూ ఒకరిద్దరిని ఎక్కించాను లెండి.) ఆ గదిలోకి అత్తగారు రారు, ఆడపడుచు పిల్లలు రారు, ఆవకాయ జాడీ అసలే రాదు. ఇద్దరికి అని చెప్పి ఇద్దరికే కట్టిన గది అది. అందులో దాపరికం ఏమీ లేదు.

ఆ మాటకి పుట్టిల్లు ఫ్రాన్సు దేశం. కోసినది అని అర్థం. గుర్రబ్బగ్గీల రోజుల్లో ఎదురెదురుగా నలుగురు కూర్చునే బండి ఉండేది. అందులో ముందు వరస కోసేసి ఇద్దరికే మిగిల్చిన బండికి ఆ పేరు పెట్టారు. రైలు కూపే అయినా, రెండు తలుపుల షోకు కారు కూపే అయినా అన్నీ దాని సంతానమే. ఎక్కడైనా కోసేది ఒకటే, మూడో మనిషి చోటు.

ఇప్పుడు ఆ కోత సంసారుల కారు మీదికి వచ్చింది. 'లగ్జరీ కాంపాక్ట్ క్రాసోవర్, కూపే స్టైలింగ్‌తో' అని నున్నటి కాగితాల మీద రంగుల్లో అచ్చేసి చేతికిస్తున్నారు. నాలుగు మాటలూ ఒకచోట చేరాయి గానీ ఒకదానికొకటి పొసగవు. లగ్జరీ అంటే ధారాళం. కాంపాక్ట్ అంటే పొదుపు. క్రాసోవర్ అంటే మామూలు కారు చట్రం మీదే ఒళ్ళు పెంచి, చక్రాలు పెద్దవి తొడిగి, కొండలెక్కే జీపులా కనిపించేట్టు చేసిన బండి. పగటివేషగాడు నడుముకి రాజుగారి కత్తి కట్టుకున్నట్టన్నమాట. సరే, వేషమైతేనేం, ఎత్తుగా ఉంటుంది, ఎక్కడానికి దిగడానికి మోకాళ్ళకి సుఖం, గోతుల రోడ్డు మీద అడుగు తగలదు. అంతవరకూ మెచ్చుకోవలసిందే. ఇహ ఆఖరి మాట ఉంది చూశారూ, కూపే, దాని పని ఏమిటంటే అంత కష్టపడి ఎత్తు లేపిన కప్పుని వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ కిందికి వంచెయ్యడం. ముందు కూర్చున్నవాళ్ళకి అంగుళం తగ్గదు. తగ్గేదల్లా వెనక వాళ్ళకే.

వెనక ఎవరు కూర్చుంటారో నేను చెప్పాలా మీకు?

నాకు కార్లంటే గిట్టదనుకునేరు. పదహారేళ్ళ నుంచీ నడుపుతున్నాను. మెహిదీపట్నం రద్దీలో సాయంత్రం ఆరింటికి నడిపిన మనిషికి కార్ల గురించి మాట్లాడే హక్కు ఎవరూ దానం చెయ్యనక్కర్లేదు. అందమైన కారుని చూస్తే నా కన్నూ అటు తిరుగుతుంది. నా జగడం అందంతో కాదు. సంసారం మొత్తం కలిసి అప్పు తీర్చే కారుని, ఆ సంసారంలో సగం మంది తలలు వంచుకు కూర్చునేట్టు కొంటూ, ఆ సగం మందినీ ఒక్క మాట అడగకపోవడంతో.

ఈ వంపు చరిత్ర కూడా కాస్త చెప్పుకోవాలి. 2005లో కొరియా దేశపు శాంగ్‌యాంగ్ కంపెనీ ఆక్టియాన్ అని ఇలాంటి బండిని తీసుకొచ్చింది, కానీ అది పెద్ద పేరున్న ఇంటి బిడ్డ కాదు కాబట్టి ఫాషన్ కాలేదు. 2008లో బి.ఎం.డబ్ల్యు. వాళ్ళు ఎక్స్6 తెచ్చారు. అప్పటికే వాళ్ళ దగ్గర ఎక్స్5 అని నిటారు కప్పు బండి ఉంది. దాని పునాది మీదే కప్పు వెనక్కి వాల్చి దీన్ని కట్టారు. మొదట్లో దానిలో వెనక ఇద్దరికే సీట్లు. ముగ్గురు పట్టే సీటు తరవాతెప్పుడో వచ్చింది. అంత పెద్ద బండి, నలుగురికే! కొన్నవాళ్ళు కొన్నారు, నవ్వినవాళ్ళు నవ్వారు. చివరికి నవ్విన కంపెనీలూ అదే దారి పట్టాయి. 2011లో రేంజ్ రోవర్ ఇవోక్, 2014లో ఎక్స్4, 2016లో మెర్సిడెస్ జి.ఎల్.సి. కూపే, 2018లో ఎక్స్2. అన్నీ ఎక్స్6 కంటే చిన్న బళ్ళే, వంపు మాత్రం అలాగే ఉంది. పెద్ద బండిలో కోస్తే ఇంకా కాస్త మిగులుతుంది. చిన్న బండిలో కోస్తే ఏం మిగులుతుంది?

లెక్క కావాలంటే మన దేశంలో అమ్మిన బండి లెక్కే చూద్దాం. ఆడి కంపెనీ 2022 ఆగస్టులో క్యూ3 అనే నిటారు కప్పు బండిని ఇక్కడ విడుదల చేసింది. అన్ని హంగులూ ఉన్న రకం షోరూము ధర 50.39 లక్షలు. 2023 ఫిబ్రవరిలో దాని చెల్లెలు క్యూ3 స్పోర్ట్‌బ్యాక్ వచ్చింది, కప్పు వాలినది, 51.43 లక్షలు. రెంటికీ ఇంజను ఒకటే, 190 హార్స్ పవరు. చెల్లెలు 16 మిల్లీమీటర్లు పొడుగు, 29 మిల్లీమీటర్లు పొట్టి. డిక్కీ ఎంత అని అడిగితే రెంటికీ 530 లీటర్లే అంటారు. అబద్ధం కాదు. డిక్కీని సాధారణంగా పైన ఉండే మూత పలక దాకానే కొలుస్తారు, వంపు మొదలయ్యేది దాని పైన. వెనక సీట్లు మడిచేసి కప్పు దాకా నింపండి, అప్పుడు తెలుస్తుంది: అక్కకి 1,525 లీటర్లు, చెల్లెలికి 1,400. తేడా 125 లీటర్లు. ఇంటికి తెప్పించుకునే ఇరవై లీటర్ల మంచినీళ్ళ డబ్బాలు ఆరు పక్కపక్కన పెట్టి చూడండి, అదీ ఆ తేడా. లక్ష పైచిలుకు ఎక్కువిచ్చి ఆరు డబ్బాల చోటు తక్కువ తెచ్చుకోవడం! కూరల బళ్ళ దగ్గర గుప్పెడు కరివేపాకు కొసరు వెయ్యలేదని పేచీ పెట్టే జాతి మనది. ఇంత పెద్ద తరుగుని నవ్వుతూ ఎలా ఒప్పుకుంటున్నాం?

అసలు సంగతి, ఆ తరుగు తూచేటప్పుడు మనం అక్కడ ఉండం. ఉన్నా మన చేతిలో కూల్ డ్రింకు గ్లాసు ఉంటుంది.

మా మరిది కారు కొనాలనుకున్నప్పుడు నేనూ, తోడికోడలూ, అత్తగారూ కూడా వెళ్ళాం. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. అద్దాల మేడలాంటి షోరూము, లోపల సెంటు వాసన. సూటు వేసుకున్న కుర్రాడు ఎంతో మర్యాదగా మా మరిదిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. లోపల రంగులు మారే దీపాలున్నాయి. అరవై నాలుగు రంగులో ఎన్నో చెప్పాడు. తలుపు వేస్తే ఎంత మెత్తటి చప్పుడవుతుందో రెండుసార్లు వేసి వినిపించాడు. ఆ చప్పుడు వింటున్న మా మరిది మొహం చూడాలి, సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చున్నవాడిలా ఉంది. మా ముగ్గురికీ సోఫా చూపించి, "మేడమ్, కాఫీయా, జ్యూసా?" అన్నాడు.

"కారు చూపించు నాయనా, కాఫీ ఇంట్లో తాగే వచ్చాం" అన్నారు మా అత్తగారు.

ఆవిడ వెనక తలుపు తీయించి ఎక్కబోయారు. వయసు డెబ్భై ఆరు. మోకాళ్ళు ఫరవాలేదు గానీ మెడ దగ్గర ఎముక అరిగి డాక్టరు పట్టీ వేశాడు. ముడిలో ఎప్పుడూ ఓ మూర కనకాంబరాలుంటాయి. తలుపు పైఅంచు వెనక్కి వాలుతూ ఉంది కదా, కాలు లోపల పెట్టాక మెడ పక్కకి వంచితే గానీ తల పట్టదు. వంచలేరు. ఒకసారి ప్రయత్నించారు, రెండోసారి చెయ్యి పట్టుకుని సాయం చేశాం, కూర్చున్నారు. కనకాంబరాలు కప్పుకి నలిగి సగం సీటు మీద రాలాయి. కిటికీ చిన్నది, దాని అంచు పైకి లేచి ఉంది, బయటికి చూడాలంటే ఆవిడకి ఆకాశం కనిపిస్తోంది గానీ రోడ్డు కనిపించడం లేదు. "బావి లోపల కూర్చున్నట్టుందే అమ్మాయ్" అన్నారు నాతో మెల్లిగా.

"అలవాటైపోతుందండీ పెద్దమ్మగారూ" అన్నాడు కుర్రాడు.

డెబ్భై ఆరేళ్ళ మెడకి అలవాటు చెయ్యాలట! ఆ మాటకి మా అత్తగారు జవాబు చెప్పలేదు. నేను చెప్పాను. అదేమిటో ఇక్కడ రాస్తే సంపాదకులు కొట్టేస్తారు.

మా మరిది బుద్ధిమంతుడు, ఆ కారు కొనలేదు. కానీ అన్ని ఇళ్ళల్లోనూ అలా జరగదు. మా పిన్ని కూతురు లెక్చరరు. మొగుడు పేరున్న కంపెనీలో పెద్ద ఉద్యోగి. వాళ్ళు ఇలాంటి కారే కొని రెండేళ్ళయింది. కొన్న కొత్తలో ఆదివారం ఆదివారం మా పిన్నిని ఎక్కించుకుని ఎక్కడికో అక్కడికి వెళ్ళేవారు. చిలుకూరు వెళ్ళారు, యాదగిరిగుట్ట వెళ్ళారు. ఆ తరవాత మా పిన్ని "మీరు వెళ్ళి రండమ్మా, నాకు ఓపిక లేదు" అనడం మొదలుపెట్టింది. ఓపిక లేదంటే పాపం వయసు మీద పడిందనుకున్నారు. నేను పనిమాలా వెళ్ళి కూర్చుని అడిగితే అప్పుడు చెప్పింది: "ఓపిక లేకేమే, ఆ కారు ఎక్కాలన్నా దిగాలన్నా అల్లుడు చెయ్యి పట్టుకోవాలి. వీధిలో అందరూ చూస్తుంటే నా తల పట్టుకుని లోపలికి తొయ్యాలి. సిగ్గుగా ఉంటుంది." అల్లుడి కొత్త కారుకి వంక పెట్టినట్టవుతుందని కూతురితో కూడా అనలేదు.

చూశారా, ఎంత చప్పుడు లేకుండా జరిగిపోయిందో! ఒక మనిషి గుడి మానేసింది, చుట్టాలిళ్ళు మానేసింది, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది. ఎవరూ ఆవిడని రావద్దనలేదు. కారు కప్పు అంది, అంతే. ఈ నష్టం ఏ రంగుల పుస్తకంలోనూ అచ్చు కాదు. ఆ కారుని మెచ్చుకుంటూ రాసే మగమహారాజులెవరికీ ఇది తట్టదు. వాళ్ళు చక్రం ఎన్ని అంగుళాలో రాస్తారు, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లలో పోతుందో రాస్తారు. మా పిన్ని సున్నా నుంచి సీట్లోకి పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఎవరు రాశారు?

ఇక్కడో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ కారు అప్పు పత్రం మీద మా పిన్ని కూతురి సంతకం కూడా ఉంది. ఇద్దరి జీతాలూ కలిపి చూపిస్తే గానీ అంత అప్పు పుట్టలేదు. నలభై లక్షలు, ఏడేళ్ళు. తొమ్మిది శాతం వడ్డీ అయితే నెలకి అరవై నాలుగు వేల పైచిలుకు. ఎనభై నాలుగు నెలలూ కట్టేసరికి యాభై నాలుగు లక్షలు. అంటే పధ్నాలుగు లక్షలు వడ్డీయే. ఆ పధ్నాలుగు లక్షల్తో, మామూలు నిటారు కప్పున్న సుఖమైన కారు ఇంకొకటి వచ్చేది. పైగా పది లక్షలు దాటిన కారు కాబట్టి షోరూములోనే ఒక శాతం ఆదాయపు పన్ను ఖాతాలో పట్టుకుంటారు, దాన్ని రిటర్నుల్లో చూపించుకోవాలి. బండికి జీవితకాలపు పన్ను వేరే, బీమా వేరే. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ నలభై శాతం చేశారు. అంతకుముందు సెస్సుతో కలిపి యాభై దాకా ఉండేది కాబట్టి "ధర తగ్గింది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు?" అని ఫోన్ల మీద ఫోన్లు. నలభై శాతం పన్ను కట్టడాన్ని ఆదా అని నమ్మించగలిగిన వాళ్ళకి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

"ఆస్తి కదా" అంటారు. కారు ఆస్తి ఎలా అవుతుందండీ? బీమా వాళ్ళు విలువ కట్టే పట్టీ ఉంటుంది, ఒక్కసారి చదవండి. ఆరు నెలలు దాటిన కారుకి 15 శాతం తరుగు, ఏడాది దాటితే 20, రెండేళ్ళు దాటితే 30, మూడేళ్ళు దాటితే 40, నాలుగు దాటితే 50. అప్పు ఇంకా దాదాపు మూడేళ్ళు మిగిలి ఉండగానే కారు విలువ సగానికి దిగుతుంది. మనం బంగారం కొంటే "ఉన్న డబ్బంతా మెళ్ళో వేసుకు తిరుగుతావా?" అని నవ్విన మనుషులే ఇది కొంటున్నారు. బంగారం కరిగించినా బంగారమే. అయినా గొలుసు కొనేముందు మనం మెళ్ళో వేసుకు చూస్తాం, కొక్కెం తీసి చూస్తాం, తరుగెంతో మజూరీ ఎంతో మూడు కొట్లల్లో అడుగుతాం. ఆ అడిగే నోరు కారు షోరూము గుమ్మం దగ్గర ఎందుకు మూతపడుతుందో నాకు అర్థం కాదు. "కార్ల సంగతి ఆయనకి తెలుసులే" అంటాం. మొగుడి మీద గౌరవమని దానికి పేరు. కార్ల సంగతి తెలియకపోవచ్చు, మన తల ఎత్తు మనకి తెలియదా?

వాదానికి వచ్చే మగవాళ్ళ దగ్గర మూడు జవాబులుంటాయి. మొదటిది శాస్త్రం. వెనక్కి వాలిన కప్పు మీద గాలి సాఫీగా జారుతుంది, దానివల్ల ఇంధనం ఆదా అని. నిజమే, వాల్చిన తీరు సరిగ్గా ఉంటే గాలి అడ్డు తగ్గుతుంది, బ్యాటరీ కార్లకి ఆ తగ్గింపు పనికొస్తుంది కూడా. కానీ గాలి అడ్డు వేగంతో పాటు వర్గంలో పెరుగుతుంది. అంటే నూరు మీద పోయేటప్పుడు ఉన్న అడ్డు పాతిక మీద పోయేటప్పుడు పదహారో వంతే. పంజాగుట్ట చౌరస్తాలో పాతిక మీద పోయిన మహానుభావుడు ఎవరైనా ఉంటే నాకు చూపించండి, పూలదండ వేస్తాను. అక్కడ గాలి కాదు అడ్డు, ముందున్న ఆటో.

రెండోది, "వెనక సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు? ఏడాదికి నాలుగుసార్లు" అని. ఆ నాలుగుసార్లు ఏమిటో చెప్పుకోండి. సంక్రాంతికి విజయవాడ రోడ్డు మీద, పంతంగి టోలు గేటు దగ్గర గంటలకొద్దీ ఆగి ఆగి ఊరికి పోవడం ఒకటి. కూతురిని పురిటికి తీసుకురావడం ఒకటి. పెళ్ళి ఒకటి. అర్ధరాత్రి పెద్దాయనకి గుండెల్లో నొప్పి అంటే ఆస్పత్రికి పరుగెత్తడం ఒకటి. సంసారంలో కారు అవసరమయ్యేదే ఆ నాలుగుసార్లకి! మిగతా మూడొందల అరవై రోజులూ ఆఫీసుకి పోయి రావడానికి స్కూటరు చాలు, మెట్రో చాలు. నిండు నెలల పిల్లని ఆ వంపు కిందనుంచి లోపలికి కూర్చోబెట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

మూడో జవాబు మాత్రం నిజాయితీ గలది. "చూడ్డానికి బాగుంటుంది." దీనికి నేను అడ్డు చెప్పను. బాగుంటుంది. కానీ ఎవరు చూడ్డానికి? లోపల కూర్చున్నవాళ్ళకి ఆ వంపు కనిపించదు. అది ఫుట్‌పాత్ మీద నిలబడ్డవాడి కోసం, పక్క ఫ్లాటు వాళ్ళ కోసం, ఆఫీసు గేటు దగ్గర సెల్యూటు కొట్టేవాడి కోసం. పరాయి కళ్ళకి పండగ, ఇంట్లో మెడలకి నొప్పి. ఈ వరస మనకి కొత్తది కాదు లెండి. వీధి గదికి టేకు సోఫాలు, వంటింటికి గాలి ఆడని సందు. ముందు హాల్లో షాండిలియరు, పెరట్లో అంట్లు తోమే చోట నలభై వాట్ల బల్బు. ఇంటి డబ్బంతా ఎప్పుడూ వీధి వైపే నడిచింది. ఇప్పుడు ఇల్లు చక్రాల మీద నిలబడింది, నడక మాత్రం అదే.

పాత నవలల హీరోకి ఆరడుగుల విగ్రహం, పడవలాంటి కారు ఉండేవి. ఆ కార్లో ముందు సీటు ఒక్కటే ఉన్నట్టు రాసేవాళ్ళం, రాసేవాళ్ళు, చదివేవాళ్ళూ అలాగే చదివేవారు. ఆ పడవ కార్ల వెనక సీటులో ముగ్గురు ముసలమ్మలు కాళ్ళు చాపుకు కూర్చోవచ్చన్న సంగతి ఎవరికీ పట్టలేదు. హీరోకి మేనత్తలుండరు కదా మరి! మన ఇళ్ళల్లోని అంబాసిడరు మాత్రం మేనత్తల కోసమే పుట్టింది. 2014లో దాని తయారీ ఆపేశారు గానీ, తలపాగాతో ఎక్కినా, జడగంటలతో ఎక్కినా, చంకలో చంటిపిల్లతో ఎక్కినా తల వంచమని అడగని కారు అది. దాని బ్రేకుల్ని, పెట్రోలు తాగుడుని నేను వెనకేసుకు రాను. కప్పు సంగతి ఒక్కటే చెబుతున్నాను.

ఈ వంపు కార్లు చెడ్డవని కూడా నేను అనడం లేదు. మా అన్నయ్య కూతురు డాక్టరు, పెళ్ళి వద్దనుకుంది, ఒక్కతే ఉంటుంది, ఒక్కతే నడుపుకుంటుంది. తన జీతం, తన అప్పు, తన షోకు. అలాంటి కారు కొంటానంటే నేనే వెళ్ళి కొబ్బరికాయ కొడతాను, నిమ్మకాయలు చక్రాల కింద పెడతాను. ఒక్క మాట మాత్రం చెబుతాను: వెనక అద్దం సన్నంగా, పడుకున్నట్టు ఉంటుంది, వెనక మూలల స్తంభాలు లావు, వెనక్కి తీసేటప్పుడు కెమెరాని నమ్ముకోవాలి తప్ప మెడ తిప్పి చూస్తే గోడ ఎక్కడుందో తెలియదు, వానలో కెమెరా మీద బురద పడితే అదీ ఉండదు. తెలిసి కొనుక్కుంటే సరే. ఇద్దరే ఉండే ఇంటికి కూపే ధర్మమే. ఆరుగురున్న ఇంటికి ఇద్దరి బండి తెచ్చి, నలుగుర్ని సర్దుకోమనడం అధర్మం.

ఆ అధర్మం మధ్యతరగతి వీధుల్లోకి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2024లోనే టాటా వాళ్ళ కర్వ్ వచ్చింది, సిట్రాన్ వాళ్ళ బసాల్ట్ వచ్చింది. బసాల్ట్ ఎనిమిది లక్షల లోపు ధరతోనే మొదలైంది. యాభై లక్షల వంపు ఎనిమిది లక్షలకి దిగింది! సంతోషించవలసిన సంగతి ఒకటుంది: ఆ బసాల్ట్ పై రకాల్లో వెనక సీటులో తొడల కింద ఆనుడుని కావలసినంత ఎత్తుకి సరిచేసుకునే ఏర్పాటు పెట్టారు. అంటే వెనక సీటు గురించి ఆలోచించమని ఎవరో ఒకరు గట్టిగా అడిగి ఉండాలి. ఎనిమిది, పది లక్షల కారు తయారుచేసేవాళ్ళకి తట్టిన ఆలోచన యాభై లక్షలు పుచ్చుకునేవాళ్ళు ముందు తట్టించుకోవద్దూ?

కార్ల సంగతి ఆడవాళ్ళకేం తెలుసని ఎవరైనా అంటే బెర్తా బెంజి పేరు చెప్పండి. జర్మనీలో కార్ల్ బెంజికి వ్యాపార భాగస్వామితో పడక, దుకాణం చేజారిపోయే పరిస్థితి వస్తే, 1871లో పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు ముందుగా తీయించి భాగస్వామి వాటా కొనిపించింది ఆవిడ. కారు అనే వస్తువు పుట్టడానికి పెట్టుబడి ఒక ఆడపిల్ల కట్నం డబ్బు! 1888 ఆగస్టులో, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌లో ఉన్న పుట్టింటికి ఆ బండి తోలుకుపోయింది, వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్క వేయించింది. పుట్టింటికి పోవడం కోసం నడిపిన కారు కాబట్టి, మొట్టమొదటి దూరప్రయాణమే సంసారపు ప్రయాణం. ఆ బండికి కప్పు లేదనుకోండి. ఉండి ఉంటే, కొడుకుల తలలకి తగిలేట్టు కట్టనిచ్చేది కాదు.

అంచేత, సోదరీమణులారా, ఈ పండక్కి మీ ఇంట్లో కారు మాట వస్తే కాఫీ గ్లాసు పట్టుకుని సోఫాలో కూర్చోకండి. ఇంట్లో అందరికంటే పెద్దావిణ్ణి, అందరికంటే పొడుగువాణ్ణి వెంట తీసుకెళ్ళండి. జడలో పూలు పెట్టుకునే వెళ్ళండి. ముందు తలుపు తీసిన కుర్రాడితో వెనక తలుపు తియ్యి బాబూ అనండి. వెనక ముగ్గురు ఒకేసారి కూర్చోండి, పావుగంట దిగకండి, ఏ.సి. గాలి మీ దాకా వస్తోందో లేదో, కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోందో లేదో చూడండి. ఆయన్ని కూడా ఒకసారి మధ్యలో కూర్చోబెట్టండి, కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారో చూద్దాం. డిక్కీలో నిలువుగా పట్టవలసినవి మీ ఇంట్లో ఏమేమి ఉన్నాయో, చక్రాల కుర్చీ గానీ, ఉయ్యాల స్టాండు గానీ, సంక్రాంతి డబ్బాలు గానీ, ఇంట్లోనే కొలుచుకు వెళ్ళండి. అప్పు కాగితం మీద మీ సంతకం కావాలంటే, రిజిస్ట్రేషను కాగితం మీద పేరు ఎవరిదో ముందు తేల్చుకోండి. ఇదంతా చేస్తుంటే షోరూములో అందరూ మనల్నే చూస్తారు, చూడనివ్వండి. మా అత్తగారు ఆ రోజు ఇంకో బండి వెనక సీట్లో ఇరవై నిమిషాలు కూర్చుని, విష్ణు సహస్రనామం సగం చదివి, "ఇందులో మెడ నిలుస్తోంది" అన్నాకే కదిలారు. టైలరింగు టేపు ఒకటి హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. సీటు మీద నుంచి కప్పు దాకా ఎంత ఉందో కొలిచి, ఆ అంకెని ఆయన చేత్తోనే ఆ రంగుల పుస్తకం అట్ట మీద రాయించండి.